చదివితే తెలుస్తుంది, వింటే తెలీదు! ఇంగ్లిష్ వినడం ఎలా నేర్చుకోవాలి?

ఈ ఎపిసోడ్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మధ్యలో రెండు మూడు చోట్ల శబ్దంలో తేడా పట్టుకోవాల్సిన పని ఉంది. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్లు ఆ చోట్ల పైకి చదువుకోండి, పక్కనోళ్లు ఏమన్నా అనుకుంటే అనుకోనీండి.

పోయిన నెల మా వైపు నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. మాది సీతారామపురం అని మీకు తెలుసు గదా, ఉదయగిరి దాటి ఇంకా లోపలికి పోవాలి. ఆ అమ్మాయిదీ ఆ చుట్టుపక్కలే. బీఎస్సీ నర్సింగ్ చేసింది, యూకే పోవాలని ఓఈటీ రాసింది. చదవడంలో మంచి గ్రేడు వచ్చింది, వినడంలో పోయింది. మళ్లీ రాయాలంటే మళ్లీ ఫీజు, ఇంట్లో ఇప్పటికే అప్పు. ‘అన్నా, స్క్రిప్టు చేతికిస్తే ఒక్క మాట కూడా తెలీనిది లేదు. చెవికి మాత్రం గాలి పోయినట్టు పోతా ఉండాది’ అని రాసింది.

ఈ మాట మీలో సగం మంది చెప్పేదే. ఎవరికైనా ముందు చెప్పాల్సింది ఏందంటే, ఇది తెలివి తక్కువై కాదు, వొకాబులరీ తక్కువై కూడా కాదు. మనకు ఇంగ్లిష్ కంటితో వచ్చింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్ పేపరంటే రాయడమే, వినడానికి మార్కుల్లేవు. మార్కుల్లేని పని మన దగ్గర ఎవరు చేస్తారు? బీటెక్ మొదటి ఏడాదిలో ఇంగ్లిష్ ల్యాబ్ అని ఒకటి ఉంటుంది, దాని గురించి ఎక్కువ మాట్లాడను. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు టోఫెల్ పరీక్ష పెట్టించడానికి ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది, అందులో వినడం ఒక భాగం. మీడియం గొడవ పక్కన పెడితే, చెవికి కూడా పరీక్ష పెట్టాలన్న ఆలోచన నాకు నచ్చింది.

సరే, అసలు విషయం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్‌ని బస్సు అంటాం, రోడ్‌ని రోడ్డు అంటాం. చివర్లో అచ్చు వినపడితే ‘మాట అయిపోయింది’ అని మన చెవి లెక్క కడుతుంది. ఇంగ్లిష్ మాటలు చాలావరకు హల్లుతో ఆగుతాయి. వెనకాల అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ఆ హల్లు పోయి దానికి అతుక్కుంటుంది. ‘పిక్ ఇట్ అప్’ అని మూడు మాటలు పుస్తకంలో ఉంటాయి. నోట్లోంచి వచ్చేది ‘పికిటప్’. మన చెవి ‘పికిటప్’ అనే కొత్త మాట కోసం వెతుకుతుంది, డిక్షనరీలో అది ఉండదు.

ఇది వాళ్లు చేసే మోసం కాదు, మనమూ చేస్తాం. రాముడు ఎక్కడ అని విడివిడిగా ఎవరంటారు, రాముడెక్కడ అంటాం. తెలుగు మాస్టారు దానికి ఉత్వ సంధి అని పేరు పెట్టి మార్కులు వేశారు. ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని పుస్తకంలో నేర్చుకున్న మనిషి మా ఊళ్లో దిగి ‘యాడికి పోతుండావు’ అని వింటే వాడి పరిస్థితి ఏంటి? వెలికొండలకు అవతల కడపలో 1820లో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్ పరిస్థితి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. ఆయన 1852లో వేసిన నిఘంటువులో జనం నోట్లో మాటలు కూడా కనిపిస్తాయి. అంటే చెవి పని చేసిందన్నమాట.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమానంగా చోటిస్తాం. ఇంగ్లిష్‌లో కొన్ని మాటల్ని ఒత్తి పలికి, మిగతావి నలిపేస్తారు. కాబట్టి నలిగిన మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంటే లాభం లేదు, ఒత్తిడి ఎక్కడ పడిందో వినాలి. ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ సర్దుకోండి. ‘ఐ కన్ కమ్ టుమారో.’ ‘ఐ క్యాంట్ కమ్ టుమారో.’ మొదటిది వస్తాను, రెండోది రాలేను. అమెరికా వాళ్లు వేగంగా మాట్లాడేటప్పుడు చివరి ‘ట్’ సరిగా బయటికి రాదు, చాలాసార్లు మింగేస్తారు. మనం ఆ ‘ట్’ కోసమే కాచుకుని కూర్చుంటాం. తేడా అక్కడ కాదు, అచ్చులో ఉంది. నలిగి ‘కన్’ అని వస్తే అవును, ఒత్తి ‘క్యాన్’ అని సాగితే సాధారణంగా కాదు అని. నేను ఉద్యోగం చేసే రోజుల్లో మా టీంలో ఒక జూనియర్ క్లయింటు కాల్‌లో దీన్ని తిరగేసి విన్నాడు. అక్కర్లేని పనికి శని, ఆదివారాలు రెండూ పోయినాయి.

ఆ నర్సు చెల్లెలికి ఇంకా పెద్ద చిక్కు: ఫిఫ్టీన్, ఫిఫ్టీ. 15కి ఒత్తిడి మామూలుగా వెనక పడుతుంది, ఫిఫ్‌-టీన్. 50కి ముందు పడుతుంది, ఫిఫ్‌-టి. ఇక్కడా చివరి ‘న్’ మీద ఆధారపడొద్దు. పరీక్షలో అయితే ఒక మార్కు. వార్డులో అయితే మందు మోతాదు. అందుకే అక్కడ వినడానికి విడిగా గ్రేడు అడుగుతారు, అడగడం న్యాయమే. అర్థం కాకపోతే మళ్లీ అడగడం, అంకెను తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం కూడా వినడంలో భాగమే. సిగ్గుపడి యెస్ యెస్ అనకండి.

మరి ప్రాక్టీస్ ఎలా? ‘రోజూ ఇంగ్లిష్ సినిమాలు చూడు, వచ్చేస్తుంది’ అని చెప్పే సీనియర్లను నేను నమ్మను. కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు గంటలు సినిమా చూస్తే చదివినట్టే, విన్నట్టు కాదు. సాఫ్ట్‌వేర్‌లో ‘యాప్ పనిచేయడం లేదు’ అని ఎవరన్నా బగ్ రాస్తే మనం ఏమంటాం? ఎక్కడ ఆగిందో చెప్పమంటాం. ఇక్కడా అంతే.

ఒకే ఒక్క నిమిషం ఆడియో తీసుకోండి. క్యాప్షన్లు ఆపేసి మూడుసార్లు వినండి. తర్వాత ముక్క ముక్కగా ఆపుకుంటూ, మీ చెవికి ఏం వినపడిందో అది తెలుగు అక్షరాల్లో రాయండి. అవును, తెలుగులోనే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాయబోతే మెదడు తనకు తెలిసిన మాటను తెచ్చి అతికిస్తుంది. తెలుగు లిపి శబ్దాన్ని శబ్దంగా పట్టుకుంటుంది, ఈ విషయంలో మనకు అదృష్టం ఉంది. ‘షుడవ్’, ‘గన’, ‘వుజు’, ‘అవుటవిట్’ ఇలా వస్తాయి. అప్పుడు స్క్రిప్టు తీసి పక్కన పెట్టండి. షుడవ్ అంటే ‘షుడ్ హ్యావ్’. గన అంటే ‘గోయింగ్ టు’. వుజు అంటే ‘వుడ్ యూ’. యూట్యూబ్ తనంతట తాను వేసే క్యాప్షన్లు తప్పులు చేస్తాయి కాబట్టి, మనిషి రాసిన స్క్రిప్టు ఉన్న ఆడియో వెతుక్కోండి.

ఇప్పుడు మీ తప్పులు చూసుకోండి. అసలు తెలియని మాట అయితే నేర్చుకోవాలి, అది మామూలే. తెలిసిన మాటే, కానీ శబ్దం గుర్తుపట్టలేదు అంటే ఆ ముక్కను వాళ్లలాగే నలిపి పది సార్లు మీ నోటితో అనండి. నోరు అలవాటు పడిన శబ్దాన్ని చెవి తొందరగా పట్టుకుంటుంది. మూడో రకం ఉంది, అన్ని మాటలూ వినపడ్డాయి, అయినా అర్థం జారిపోయింది. మనసులో తెలుగులోకి మార్చుకుంటూ కూర్చుంటే ఇదే జరుగుతుంది. మీరు మొదటి వాక్యం మార్చేలోపు అవతల మూడోది నడుస్తుంటుంది. దీనికి మందు ఏమిటంటే, మీకు ముందే విషయం తెలిసిన సులువు ఆడియో ఎక్కువగా, ఆపకుండా వినడం.

నెల్లూరు బస్టాండులో మైకు గురించి ఆలోచించండి. గరగరమంటుంది, చుట్టూ హారన్లు. అయినా ‘ఆత్మకూరు మీదుగా ఉదయగిరి’ అనేది మనకు పట్టుబడుతుంది. చెవి గొప్పతనం కాదు, వాళ్లు ఏం చెప్పబోతారో మనకు ముందే తెలుసు. అందుకే నేను క్రికెట్ కామెంటరీతో మొదలుపెట్టమంటాను. ఐపీఎల్ చూసేటప్పుడు తెలుగు ఆడియో మార్చి ఇంగ్లిష్ పెట్టండి. బంతి ఎటు పోయిందో కంటికి కనపడుతుంది, ఆ మాట చెవిలో పడుతుంది, మధ్యలో తెలుగు అక్కర్లేదు. హర్షా భోగ్లే హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన మనిషే. మన చెవికి దగ్గరి ఉచ్చారణ. అది తేలికయ్యాక పక్కన మైకు పట్టుకున్న ఆస్ట్రేలియా వాళ్ల దగ్గరికి పోదాం. అలాగే 2014 నుంచి మైక్రోసాఫ్ట్ సీఈఓగా ఉన్న సత్య నాదెళ్ల ప్రసంగాలు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు విషయం తెలిసిందే కాబట్టి బాగుంటాయి. మొదటి రోజే స్కాట్లాండ్ వాళ్ల మీద పడొద్దు.

నెమ్మదైన ఆడియో కావాలంటే, వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో స్పెషల్ ఇంగ్లిష్ అని ఒకటి మొదలుపెట్టింది. దాదాపు 1500 మాటలతో, వేగం తగ్గించి చదివేవాళ్లు. బీబీసీ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లిష్ ఉచితం, స్క్రిప్టుతో పాటు ఉంటుంది, నా ఓటు దానికే. వేగం 0.75కి తగ్గించొచ్చా అని అడుగుతారు. బగ్ వెతకడానికి తగ్గించండి. తర్వాత మామూలు వేగంతో విని తీరాలి, పరీక్షలో ఆ బటన్ ఉండదు. ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలు, ఓఈటీలో 42. రెండింట్లోనూ ఆడియో ఒక్కసారే. అందుకని ఒక మాట పోతే దాన్ని వదిలేసి ముందుకు పోవడం కూడా ప్రాక్టీస్ చేయాలి. ఆ పోయిన మాట కోసం ఆగితే తర్వాతి రెండు జవాబులు కూడా దాంతోపాటే పోతాయి.

ఈ వారం పని: ఒక నిమిషం ఆడియో, తెలుగు అక్షరాల్లో ఒక పేజీ. మీరు విన్నదీ, అసలు ఉన్నదీ పక్కపక్కన రాసి ఫోటో పంపండి. వాటిలో మంచివి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ ఇంటర్వ్యూలు ఎలా వినాలో చూద్దాం. ఆ నర్సు చెల్లెలు ఇప్పటికే పద్నాలుగు పేజీలు పంపింది, పరీక్ష ఇంకా రాయలేదు.