కూర్చున్న మనిషిని చూడగల దీపం



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే, "కరెంటు పని మగవాళ్ళ వ్యవహారం కదా, మనకెందుకమ్మా?" అని మీలో కొందరికి తోచవచ్చు. కాని 2020లో కరోనా వచ్చిన దగ్గరనుంచి మన ఇళ్ళల్లో ఒక గది ఆఫీసైపోయింది కదండీ! హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు నరసరావుపేటకీ, మాచర్లకీ, గురజాలకీ వచ్చి, మేడమీది గదిలోనో, ఒకప్పుడు మిరపకాయల బస్తాలు వేసుకున్న కొట్టుగదిలోనో బల్ల వేసుకుని కూర్చున్నారు. చాలామంది తిరిగి వెళ్ళారు, కొందరు ఉండిపోయారు. ఆ గది తుడిచేదీ, ఆ గదికి కాఫీ మోసేదీ, ఊరికే వెలుగుతున్న దీపాన్ని మెట్లెక్కి ఆర్పివచ్చేదీ మనమే. కనుక మనిషి ఉంటే వెలిగి, లేకపోతే ఆరిపోయే దీపాన్ని గురించి మనం కాస్త తెలుసుకోవాలి.

ఆ పని చేసే చిన్న పరికరాన్ని సెన్సారు అంటారు. సినిమాలకు కత్తెర వేసే సెన్సారు కాదు లెండి!

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. వారి కోడలిది అమెరికావారి పని. అక్కడ తెల్లవారే వేళకు మనకు చీకటి పడుతుంది గనుక ఆ అమ్మాయి రాత్రిళ్ళు కూర్చుంటుంది. ఆ గదిలో సెన్సారు పెట్టించారు. ఇక చూడండి, పది నిమిషాలకోసారి దీపం ఆరిపోవడం, ఆ పిల్ల మీటింగు మధ్యలో ఈగలు తోలుతున్నట్టు చేతులు ఊపడం! పిన్నిగారేమో కిందనుంచి కిటికీలో చీకటి చూసి, "పని పని అంటుంది గాని, గడియకోసారి కునుకు తీస్తోందే అమ్మాయ్" అని నాతో అన్నారు. పాపం, ఆ పిల్ల కునుకు తియ్యడం లేదు, కదలకుండా పని చేస్తోంది. ఆ దీపానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. తెలియని దీపం మాట నమ్మి అత్తగారు కోడలిని అనుమానించడం నాకేమీ బాగా అనిపించలేదు, ఆ మాట పిన్నిగారితోనూ అన్నాను.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, బజారులో చవగ్గా దొరికే సెన్సారు, పి.ఐ.ఆర్. అంటారు, మనిషిని చూడదు. మన ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగితే, ఆ మార్పును పసిగడుతుంది. దాని మీద తెల్లటి ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది, చూశారా? అది ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1820లలో సముద్రపు దీపస్తంభాల కోసం తయారుచేసిన అద్దం వంటిదే. గదిని వాటాలుగా చీల్చి చూపిస్తుంది. ఒక వాటాలోంచి మరో వాటాలోకి వెచ్చటి మనిషి దాటితేనే దీపం వెలుగుతుంది. మెట్లమీదా, స్నానాల గదికి వెళ్ళే నడవాలోనూ ఇంతకంటె మంచిది లేదు. వేళ్ళు మాత్రమే కదిలే బల్ల దగ్గర మాత్రం పనికిరాదు.

మన పల్నాటికి ఇంకో చిక్కు ఉంది. రెంటచింతల ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? మే నెలలో సాయంత్రానికి శ్లాబూ గోడలూ కాగి కాగి, దాదాపు మన ఒంటి వేడికి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు గోడ ఏదో మనిషి ఏదో ఈ పరికరానికి తెలియదు. జనవరిలో బ్రహ్మాండంగా పనిచేసింది వేసవిలో మొండికేస్తే, అది చెడిపోయిందని దుకాణదారుతో పోట్లాడకండి.

రెండోరకం రాడార్ సెన్సారు. ఇది వేడితో నిమిత్తం లేకుండా, కంటికి కనిపించని అలలను పంపి, అవి తిరిగివచ్చే తీరునుబట్టి కదలికను తెలుసుకుంటుంది. ఇందులో మిల్లీమీటర్ వేవ్ అనేది ఇప్పుడు వస్తోంది. కదలకుండా కూర్చున్నా, ఊపిరికి ఛాతీ ఎగిసిపడటాన్ని సైతం పట్టుకుంటుంది. బల్ల దగ్గర కావలసింది ఇదే. అయితే దీనికి మన సీలింగు ఫ్యాను పడదు. ఫ్యాను రెక్కలూ, ఆ గాలికి ఊగే కర్టెన్లూ మనుషులే అనుకుని, దీపాన్ని తెల్లవార్లూ ఆరనివ్వదు. పలచటి చెక్క తలుపు అవతల ఎవరైనా నడిచినా కొన్నిటికి తెలిసిపోతుంది. అందుకని దీన్ని ఫ్యానుకు దగ్గరగా కప్పుకు బిగించకుండా, బల్లకు ఎదురుగానో పక్కగానో గోడకు, కుర్చీలో మనిషి ఛాతీ ఎత్తున పెట్టించండి. ఎంత దూరం వరకు చూడాలో తగ్గించుకునే వీలున్నదే అడిగి తీసుకోండి. రెండు రకాలూ కలిసినవి కూడా ఉన్నాయి. మనిషి రాగానే వేడినిబట్టి వెలిగి, తరువాత రాడార్ చూస్తూ ఉండేవి. ధర ఎక్కువే అయినా, రాత్రి ఉద్యోగమున్న ఇంటికి నేను వాటినే చెబుతాను.

ఇప్పటికే మొదటి రకం కొనేశారా? పారెయ్యనక్కరలేదు. "ఎంతసేపటికి ఆరాలి" అనే మీటను పదిహేను ఇరవై నిమిషాలకు జరపండి. మనిషి అడ్డంగా దాటేచోట పెట్టించండి. ఎదురుగా వచ్చే మనిషిని అది అంత బాగా పట్టుకోదు.

ఇక కరెంటు బిల్లు. దుకాణంలో "సగానికి సగం తగ్గుతుందమ్మా" అంటారు. మనమే లెక్క వేద్దాం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు రోజుకు నాలుగు గంటలు వృథాగా వెలిగితే నెలకు 1080 వాట్ అవర్లు, అంటే ఒక్క యూనిటు చిల్లర. సెన్సారు తనకోసం అర వాటు వాడుకున్నా, నెలకు యూనిట్లో మూడోవంతు దానికే పోతుంది. ఇందులో ఆదా ఏమున్నట్టు? అదే 75 వాట్ల పాత ఫ్యాను ఆ నాలుగు గంటలూ ఊరికే తిరిగితే నెలకు తొమ్మిది యూనిట్లు! కాబట్టి ఆదా కోసమైతే ఫ్యానుకు పెట్టించండి, అది ఫ్యాను మోటారును మొయ్యగలదో లేదో ముందు అడగండి. దీపానికైతే మెట్లెక్కే శ్రమ తప్పుతుందని పెట్టించుకోండి, అంతే. మోకాళ్ళ నొప్పులున్నవారికి అదేమీ చిన్న సంగతి కాదు.

బిగించే రోజున ఎలక్ట్రీషియన్ను రెండు మాటలు అడగండి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ తీగ ఉన్నదా అని ఒకటి. అది లేకుండా పనిచేసే సెన్సార్లతో కొన్ని ఎల్.ఇ.డి. బల్బులు ఆర్పినా మిణుకు మిణుకుమంటూ ఉంటాయి. రెండోది, పాత స్విచ్చిని పీకెయ్యకుండా పక్కనే ఉంచమని. కరెంటు పోయి వచ్చినప్పుడు చాలా సెన్సార్లు మనిషి ఉన్నా లేకపోయినా ఒక నిమిషం పాటు దీపం వెలిగిస్తాయి. అర్ధరాత్రి అలా వెలిగితే పక్కన పడుకున్న పసిపిల్లలు లేచి కూర్చుంటారు. కంప్యూటరునూ, ఇంటర్నెట్ పెట్టెనూ మాత్రం ఆ తీగకు కలపనివ్వకండి.