గాజుతొట్టిలో కొర్రమేను

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములవారికి కొర్రమేనును పరిచయము చేయనక్కరలేదు. చెరువు ఇంకిపోవుచున్నను బురదలో ప్రాణము నిలుపుకొను మొండిచేప యది. తెలంగాణ ప్రభుత్వము 2016లో దానిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. ఇట్టి వేటచేపలను ఇంట గాజుతొట్టిలో పెంచు వేడుక నేడు కలదు. వేడుకను నేను కాదనను. కాని చేప స్వభావము తెలిసికొని మరి తెచ్చుకొనవలెను.

కొర్రమేనుకు మొప్పలు మాత్రమే చాలవు. తలలోని ప్రత్యేకమైన అరలలోనికి గాలి పీల్చుకొనుటకై అది మాటిమాటికి నీటిపైకి రావలెను. తొట్టిని మూతవరకు నింపి గాలికి తావులేకుండ చేసినచో, నీటిలో పుట్టిన చేప నీటిలోనే ఊపిరాడక చచ్చును! మూత లేనిచో ఎగిరి నేలపై పడును. కావున నీటికిని మూతకును నడుమ జానెడు ఖాళీయు, మూతపై కొంత బరువును ఉండవలెను.

వ్రేలెడు పిల్ల మూర దాటి పెరుగును. నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు గల తొట్టిలో సుమారు 450 లీటర్ల నీరు పట్టును. అనగా గాజు బరువు గాక 450 కిలోలు. పెరిగిన చేపకు అదియు ఇరుకే. తోడుగా చిన్నచేపలను వేసినచో మ్రింగివేయును. తన జాతి పిల్లలను సైతము విడువదు. చెరువులో నిదే చేప ఎఱ్ఱని పిల్లల గుంపును కనిపెట్టుకొని తిరుగుట చూచినవారికి ఇది వింతగా తోచును.

మాంసాహారి విసర్జించు మలినమువలన నీటిలో అమోనియా పెరుగును. అది కంటికి కనబడదు. దానిని విరిచివేయు సూక్ష్మజీవులు వడపోతలోని స్పంజిలో నుండును గనుక, స్పంజిని కుళాయినీట కాక తొట్టి నుండి తీసిన నీటనే కడుగవలెను.

అమెజాను అరపైమా, అమెరికా అలిగేటరు గారు మనిషి పొడవును మించును. వాటిని సాకలేక చెరువున విడుచువారున్నారు. 2023లో శ్రీనగరు దాల్ సరస్సున ఒక గారు దొరకినది. మైలవరము కొండలలో పుట్టిన బుడమేరు కొల్లేట కలియును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచినదియు నదియే. ఆ వరదకు చెరువుగట్టు అడ్డుకాదు. కొర్రమేను జ్ఞాతియైన ఒక చేపను అమెరికాలోని క్రాఫ్టన్ గ్రామమున ఎవరో కొలనులో విడువగా, 2002లో అధికారులు ఆ కొలనునకు విషము పెట్టవలసివచ్చినది. కొనుటకు ముందే, పెరిగిన చేపను తిరిగి తీసికొందువా యని అంగడివానిని అడుగుడు.