వీరేశలింగం గారి ఇల్లు: ముందు వాకిలి, వెనక వంటిల్లు



కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేర స్మారకోపన్యాసం అనగానే ఆయన గ్రంథాల గురించో, సంఘ సంస్కరణ గురించో మాట్లాడటం రివాజు. నేను ఆయన ఇంటి గురించి మాట్లాడదలచాను. 1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టిన ఇల్లు మన రాజమహేంద్రవరంలోనే, వంకాయలవారి వీధిలో ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. అలాంటి ఇంటిని బాగుచేయడమంటే ఏం చేయాలి? ఎంత చేస్తే అది మళ్లీ ఆ ఇల్లు అవుతుంది?

ముందు గోడల సంగతి. గోదావరి సీమలో ఆ కాలపు ఇళ్లకు సిమెంటు తెలియదు. సున్నమూ ఇసకా కలిపి ఎద్దులు కట్టిన గానుగలో మెత్తగా తొక్కించేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. పైకప్పుకు కొండల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి తెచ్చిన టేకు. గానుగ సున్నంతో కట్టిన గోడ వానాకాలం చెమ్మ పీల్చుకుంటుంది, ఎండాకాలం వదిలేస్తుంది. అటువంటి గోడకు ఎవరో తొందరపడి సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రెండు మూడు వర్షాకాలాలు తిరిగేసరికి ఇటుక మీద ఉప్పు పూస్తుంది, పూత పొక్కి పెచ్చులు రాలుతుంది, దూలం గోడలోకి దిగిన చోట కుళ్లడం మొదలవుతుంది. నిర్లక్ష్యం వల్ల కూలిన ఇళ్లు సరే, మరమ్మతు వల్ల పాడైన పాత ఇళ్లు కూడా మన గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పట్టుకోవడమే సగం పని. మిగతా సగం, అతను అడిగినంత వ్యవధి ఇవ్వడం.

పాత ఇల్లు ఎలా ఉండేదో తెలియకపోతే పంతులుగారే చెబుతారు. ఆయన నవల ‘రాజశేఖర చరిత్రము’ మొదట ఆయన పత్రిక ‘వివేకవర్ధని’లో వచ్చి 1880లో పుస్తకమైంది. అందులో ధవళేశ్వరంలోని రాజశేఖరుడుగారి ఇంటిని ఆయన ఎంతో ఓపికగా వర్ణించారు. నవల చదివేవాళ్లు ఆ పేజీలు దాటవేస్తారు. ఇల్లు బాగుచేసేవాళ్లు మాత్రం ముందు చదవవలసినవి అవే.

ఇక ఊరి సంగతి. పంతులుగారు పుట్టడానికి ఏడాది ముందు, 1847లో, ఇంజనీరు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయ్యేనాటికి పంతులుగారికి నాలుగేళ్లు. తండ్రి సుబ్బారాయుడుగారు పోయింది ఆ వయసులోనే. తల్లి పున్నమ్మగారు, పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచారు. పిల్లవాడు పెరుగుతున్నకొద్దీ ఊరూ పెరిగింది. కాలువలు పారాయి, పడవలు తిరిగాయి, ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చింది. ఆ డబ్బుతో చదువులొచ్చాయి, 1873 నాటికి కాలేజీ వచ్చింది. కాలువ నీళ్లే లేకపోతే ఇంగ్లీషు చదివిన ఆ కుర్రకారు ఉండేవారు కాదు, ఆ కుర్రకారు లేకపోతే 1881 డిసెంబరు 11 ఉండేది కాదని నా నమ్మకం.

ఆ రాత్రి పంతులుగారి ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతపు బాలవితంతువు. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది 1900లో. కాబట్టి ఆ పిల్ల మనిషి తోడుతో పడవ దాటి రావలసిందే. పెళ్లి మాట పొక్కితే దారిలోనే ఆపేస్తారని భయం. ఇంటి చుట్టూ కాలేజీ విద్యార్థులు కాపలా కాశారు, పోలీసులు బందోబస్తుగా ఉన్నారు. ఆ తర్వాత వెలి. పెళ్లికి వచ్చినవాళ్లలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. పిల్లల పెళ్లిళ్లు, తండ్రి తద్దినం, పక్కింటివాళ్ల పలకరింపు, ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోవడం అందరి వల్లా కాదు.

పెళ్లి పందిరి అందరికీ గుర్తుంది. వంటింటి మాట ఎవరూ ఎత్తరు. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రాము పొమ్మన్నారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చారు, వచ్చినవాళ్లందరికీ తానే వండి పెట్టారు. ఒక్కసారి ఆలోచించండి. రేవుకు పోయే దారిలో రోజూ పలకరించే ఆడవాళ్లు ఆవేళ మొహం తిప్పుకుని ఉంటారు. భుజాన నిండు బిందె, ఇంట్లో పెళ్లివారు, పొయ్యి మీద ఎసరు. పంతులుగారి ఉపన్యాసాలు అచ్చులో మిగిలాయి. ఆమె మోసిన నీళ్లకు ఏ గుర్తూ మిగలలేదు. తర్వాత ఆ దంపతుల నీడన చేరిన వితంతువులను కన్నబిడ్డల్లా చూసుకున్నదీ ఆమే. 1910 ఆగస్టు 11న పోయారు. 1919 మే 27న మద్రాసులో పంతులుగారు పోయారు. ఇద్దరి సమాధులూ ఇక్కడి ఆనందోద్యానంలో ఉన్నాయి.

అందుకే ముందు గదిలో పటాలు తగిలించి, గోడలకు రంగు వేసి, ఇల్లు బాగుపడిందంటే నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో వంటింటికీ, పెరటికీ, రేవుకు పోయే దారికీ ముందు గదితో సమానమైన చోటు ఉండాలి. రాజ్యలక్ష్మమ్మగారి కథ పటం కింద ఒక వాక్యంగా కాక, ఇంటి కథలో సగంగా చెప్పాలి.

ఇంటితో పాటు చుట్టుపక్కల ఊరినీ చదవాలి. 1890లో పంతులుగారు సొంత డబ్బుతో కట్టించిన టౌన్‌హాలు మనకుంది. 1907లో జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఈ ఊరు వస్తే ఆయన ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగు చేసి చెప్పింది మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చూపు లేకపోయినా ఊరంతటికీ దారి చూపిన మనిషి. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర దామెర్ల రామారావు బొమ్మలు చూసి ప్రోత్సహించాడు. ఇరవై ఏడేళ్లకే 1925లో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు మన ఊరి గ్యాలరీలో ఉన్నాయి. ఇవన్నీ ఒక పూటలో నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. మన బడిపిల్లలను మాత్రం బస్సెక్కించి ఎక్కడెక్కడికో విహారయాత్రలకు తీసుకుపోతున్నాం.

ఇన్నీసుపేట నుంచి కోటగుమ్మం దాకా ఇంకా కొన్ని పాత మిద్దెలు, మండువా లోగిళ్లు నిలిచి ఉన్నాయి. అవి ఉన్నది అన్నదమ్ముల వాటాల్లో. అపార్ట్‌మెంటు కడతామని వచ్చే బిల్డరుకు కాదని చెప్పడం సామాన్య కుటుంబానికి ఎంత కష్టమో నాకు తెలుసు. అన్నిటినీ ఆపలేం. కానీ పడగొట్టేముందు కొలతలు తీయించవచ్చు, ఫొటోలు తీయించవచ్చు, ద్వారబంధాలూ తలుపులూ కట్టెల అడితికి పోకుండా చూడవచ్చు. ఇంజనీరింగు కాలేజీల పిల్లలు ఒక్క వేసవి సెలవులు ఇస్తే చాలు.

సభలో ఉన్న పెద్దలకు ఒక్క మనవి. మీ ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత దస్తావేజులు, ఉత్తరాలు, శుభలేఖలు, పెళ్లి ఫొటోలు ఉంటాయి. వచ్చే పండక్కి ఇల్లు దులిపేటప్పుడు వాటిని పాత కాగితాలవాడికి వేయకండి. మీ బామ్మలు, అమ్మమ్మలు ఆ వీధుల గురించి చెప్పిన మాటలు గుర్తున్నంతవరకు రాసి ఉంచండి. ఆ కాగితాలు తెచ్చి గౌతమీ గ్రంథాలయంలో ఇవ్వండి.