గట్టుమీది చెట్టు – ఉపగ్రహపు కొలత



పొలము కొలుచుటకు గొలుసు బదులు ఉపగ్రహముల సహాయము తీసికొనుట నేడు వాడుకలోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులతోబాటు రోవరు అను పరికరమును వాడిరి. మీలో అనేకులు సెల్‌ఫోను చేతబట్టి, గట్టు వెంబడి నడచి విస్తీర్ణము చూచుకొనుచున్నారు. గట్టుమీద చెట్లున్నచోట ఈ కొలతను ఎంతవరకు నమ్మవచ్చును?

జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. అవి పంపు రేడియో సంకేతము మన వద్దకు చేరుటకు పట్టిన కాలమునుబట్టి పరికరము దూరమును లెక్కకట్టును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందిననే మనము నిలిచిన చోటు సరిగా తేలును. ఈ సంకేతము సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చును. కావున కాలములో సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినను దూరములో 30 సెంటీమీటర్ల తప్పు వచ్చును.

నేలకు చేరుసరికి సంకేతము మిక్కిలి బలహీనమై యుండును. ఆకులలోని నీరు దానిని మరికొంత పీల్చివేయును. మాను, లావుపాటి కొమ్మలు దానిని అడ్డగించును. కొంత సంకేతము కొమ్మలకు తగిలి చుట్టుదారిన వచ్చును. ఆ అదనపు దూరమును పరికరము నిజమనుకొనును. వాన వెలిసిన వెంటనే తడి ఆకుల క్రింద ఈ చిక్కు హెచ్చు. ఒకే తోట గట్టును సెల్‌ఫోనుతో ఉదయమొకసారి, సాయంత్రమొకసారి చుట్టి చూడుడు. రెండు లెక్కలు కలియుట అరుదు.

ఆరుబయట సైతము సెల్‌ఫోను చూపు చోటులో 5 మీటర్ల వరకు తప్పుండవచ్చును. చెట్ల క్రింద అది ఇంకను పెరుగును. ఎకరము చదరపు పొలమునకు ఒక్కొక్క ప్రక్క సుమారు 64 మీటర్లుండును. ఒక ప్రక్క గట్టు 1 మీటరు జరిగిన సెంటున్నర నేల, 5 మీటర్లు జరిగిన దాదాపు 8 సెంట్లు చేయి మారును. అంతకంటె తక్కువ నేలకే ఇరుగు పొరుగులు కోర్టు కెక్కుట మీరెరుగుదురు.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. సెల్‌ఫోను కొలతను విత్తనము, ఎరువు అంచనాకు వాడుకొనుడు. హద్దు తేల్చుటకు వాడవలదు.

2. సర్వేయరు రోవరుతో వచ్చినపుడు తెరపై ‘ఫిక్స్’ అని ఉన్నదో, ‘ఫ్లోట్’ అని ఉన్నదో అడుగుడు. ‘ఫ్లోట్’ అని ఉన్నంతసేపు సెంటీమీటర్ల ఖచ్చితమును నమ్మరాదు. ‘ఫిక్స్’ వచ్చినను చెట్టు దగ్గర కొంతసేపాగి మరల కొలిపించుడు. ఈలోగా ఉపగ్రహముల స్థానములు మారును గనుక తప్పున్నచో బయటపడును.

3. హద్దురాయి చెట్టు క్రింద ఉన్నచో, ఆరుబయట ఎడముగా రెండు చోట్ల రోవరుతో కొలిపించి, ఆ రెండు చోట్ల నుండి రాతివరకు టేపు పట్టించుడు.

4. టేకువంటి చెట్లున్నచోట ఆకు రాలిన వేసవిలో కొలుచుట మేలు. మామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉండును గనుక అచట టేపే గతి.

కొలత కొరకు గట్టుమీది చెట్టును నరకవలసిన పనిలేదు. నాలుగడుగులు ఎడముగా ఆరుబయటకు వచ్చి కొలిపించి, పొరుగు రైతును కూడ ప్రక్కన నిలువబెట్టుకొనుడు.