ఉప్పును గుర్తించు పొర

చిటికెడు ఉప్పు నీటిలో కరగినపుడు ధనావేశము గల సోడియము, ఋణావేశము గల క్లోరైడు అను అయానులుగా విడిపోవును. ఆల్కహాలు అట్లు కాదు. ఆవేశమేమియు లేకయే నీటిలో కలసిపోవును. అయాను వినిమయ పొరల నడతను తెలిసికొనుటకు మనము ఈ భేదమును పట్టుకొనిన చాలును.

ఈ పొర చూచుటకు పలుచని ప్లాస్టిక్ రేకు. ఒక జాతి పొరలో ఋణావేశములు కదలక పాతుకొని యుండును. అవి ధన అయానులను దాటనిచ్చి, ఋణ అయానులను వెనుకకు నెట్టును. రెండవ జాతి దీనికి వ్యతిరేకము. రెంటిని మార్చి మార్చి పేర్చి, నడుమ ఉప్పునీరు పారించి విద్యుత్తు పంపినచో ఒక అరలో ఉప్పు తగ్గి, ప్రక్క అరలో పెరుగును. భావనగరమున 1954లో నెలకొనిన కేంద్ర లవణ పరిశోధన సంస్థ ఉప్పుబావుల నీటిని ఇట్లు త్రాగునీరు చేయుటకై కృషి సల్పినది. ఉప్పు హెచ్చిన కొలది విద్యుత్తు ఖర్చు హెచ్చును గనుక, సముద్రజలమును త్రాగునీరు చేయుటకు ఈ పద్ధతి అంతగా గిట్టదు.

ఆల్కహాలును విద్యుత్తు లాగదు. ద్రాక్షసారాయములో స్ఫటికములు పేరుకొనకుండ పొటాషియము లవణమును ఇట్లు తీసివేసినను, ఆల్కహాలు దాదాపు అట్లే నిలుచును. ఈ మేలే మరియొకచోట కీడగుట మాకు వింతగా తోచును. మెథనాలుతో నడచు ఇంధన ఘటములో నఫియాన్ పొర ప్రోటానులను మాత్రమే పంపవలెను. కాని పొర నీటితో ఉబ్బియుండును. ఒక ప్రక్క దండిగా నున్న మెథనాలు ఆ నీటిదారినే, ప్రోటానుల వెంట, ఆవలికి జారుకొనును. అచ్చట వృథాగా మండి వోల్టేజిని తగ్గించును. పొరను దళసరి చేసినచో ప్రోటానులకును దారి కష్టమగును. అందుచేత లీటరుకు సుమారు 32 గ్రాముల మెథనాలు మాత్రమే యుండునట్లు పలుచన చేసి వాడుట పరిపాటి.