కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందా?



ఇప్పుడు మన ఇళ్లలోకి కూడా కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు వాటితో చదువుకుంటున్నారు. కొందరు పొదుపు సంఘం లెక్కలు అందులోనే రాస్తున్నారు. అలాంటిది పని మధ్యలో టక్కున ఆగిపోయి, తనంతట తానే మళ్లీ మొదలవుతుంటే ఏమనుకుంటాం? పాడైపోయింది, కొత్తది కొనాలి అనుకుంటాం. తొందరపడకండి. కొత్తదంటే వేల రూపాయలు. ముందు కారణం వెతుకుదాం.

మొదట, అది నడుస్తున్నప్పుడే లెక్కలు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మిషన్ పోతే ఇంకోటి కొనవచ్చు. పోయిన లెక్కలు దొరకడం కష్టం.

తరువాత ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆగినప్పుడల్లా టైము రాయండి. అప్పుడు ఏం చేస్తున్నారో రాయండి. తెర నీలంగానో నల్లగానో మారి అక్షరాలు కనిపిస్తే ఫోనుతో ఫొటో తీయండి. సగం కారణం ఆ పుస్తకమే చెబుతుంది.

వేసిన కాసేపటికి, వేడెక్కాక ఆగుతోందా? లోపల ఫ్యానుకు దుమ్ము పట్టి ఉండొచ్చు. వేడి హద్దు దాటితే కంప్యూటర్ కాలిపోకుండా తనే ఆగిపోతుంది. కుక్కరుకు సేఫ్టీ వాల్వు ఉన్నట్టే ఇదీను. గోడకు ఆనించకండి. పైన గుడ్డ కప్పి నడపకండి. ప్లగ్గు తీసేశాకే, గాలి వచ్చే కంతల దగ్గర దుమ్మును మెత్తటి కుంచెతో దులపండి.

మోటారో గ్రైండరో వేసినప్పుడే ఆగుతోందా? మన ఇళ్లకు 230 వోల్టుల కరెంటు రావాలి. ఒక్కసారిగా బాగా పడిపోతే కంప్యూటర్ తట్టుకోలేదు. ముందు ప్లగ్గు వదులుగా ఉందేమో చూడండి. అది సరిగానే ఉంటే మంచి యూపీఎస్ పెట్టుకోవాలి.

కొత్త ప్రోగ్రాము ఎక్కించిన రోజు నుంచీ మొదలైందా? అది తీసేసి చూడండి.

ఇవేవీ కాకపోతే మెకానిక్‌ని పిలవండి. లోపల మెమరీ కార్డు వదులై ఉండవచ్చు. కరెంటు అందించే పెట్టె చెడి ఉండవచ్చు. ఆ పెట్టెను మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. షాకు కొడుతుంది.

మెకానిక్ రాగానే మీ పుస్తకం చూపించండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో అడగండి. తీసిన పాత సామాను ఇమ్మనండి. బిల్లు చదివాకే డబ్బివ్వండి.

మనం నేర్చుకున్న చదువు సంతకానికే కాదమ్మా, మన రూపాయి కాపాడుకోవడానికి కూడా!