అమరులైన పోలీసులు, వారి భార్యలు, మనం

(గుండుగొలనులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల నుంచి వచ్చిన మీ ముందు ఈ విషయం మాట్లాడటానికి కొంచెం జంకుగానే ఉంది. విధి నిర్వహణలో చనిపోయిన పోలీసులను గౌరవించడం గురించి స్త్రీల సంఘం ఎందుకు చర్చించాలని ఉదయం ఒకరిద్దరు నన్ను నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషన్లో రమీజాబీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం ఎందరో స్త్రీలను ఉద్యమంలోకి తెచ్చాయి. 2006లో కొల్లేరు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు బందోబస్తుకి వచ్చిందీ పోలీసులే. మన అనుభవంలో పోలీసంటే రాజ్యం చేతిలోని లాఠీ.

ఆ లాఠీ పట్టిన మనిషి చనిపోతే ఇంట్లో మిగిలేది మాత్రం ఒక స్త్రీ. నేను మాట్లాడదలుచుకున్నది ఆమె గురించి.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సిఆర్‌పిఎఫ్ జవాన్లు చనిపోయారు. వారి జ్ఞాపకంగా ఏటా ఆ రోజున పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. తుపాకులు తలకిందులు చేసి నిలబడతారు, పేర్లు చదువుతారు, పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. 2018లో ఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకం ప్రారంభించినప్పుడు దాని గోడ మీద 34,844 పేర్లున్నాయి. అన్ని పేర్ల వెనక ఎన్ని ఇళ్ళున్నాయో ఏ గోడా చెప్పదు.

హైదరాబాదు ఎస్.ఆర్. నగర్ కూడలిలో ఐపిఎస్ అధికారి ఉమేష్ చంద్ర విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. 1999 సెప్టెంబరు 4న సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు పీపుల్స్‌వార్ దళ సభ్యులు ఆయన్ని కాల్చి చంపారు. ఆయనతో పాటు గన్‌మన్, డ్రైవరు కూడా చనిపోయారు. ఒకే కారు, ఒకే ఉదయం. ఆ అధికారి పేరు ఊరంతా ఎరుగుదురు. మిగతా ఇద్దరి పేర్లు చెప్పమంటే ఈ హాల్లో ఎంతమందిమి చెప్పగలం? ఉమేష్ చంద్రని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. గౌరవంలో కూడా హోదా ఉంటుందని చెప్తున్నాను.

పరిశోధన కోసం తిరిగే రోజుల్లో ఒక కానిస్టేబుల్ భార్యని కలిశాను. ఊరి పేరు చెప్పను. అక్టోబరులో జీపు పంపిస్తారట. తెల్లచీర కట్టుకురమ్మని ఎవరూ చెప్పలేదు గానీ, రంగుచీర కట్టుకెళ్తే అత్తగారు ఏమంటుందోనని తెల్లదే కట్టుకుందట. ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, కుట్టుమిషను ఇచ్చారు. ఆమె పదో తరగతి పాసయింది, కుట్టుపని రాదు. ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ రాత్రి తోడెవరూ లేకుండా ఆయన్ని ఆ దారిన ఎవరు పంపారో తెలియాలి. అడగబోతే పక్కనున్న బావగారు ఊరుకోమని చెయ్యి నొక్కాడట. కారుణ్య నియామకం అప్పటికింకా రాలేదు మరి. ఉద్యోగం ఆమెకా, మరిదికా అని ఇంట్లో పంచాయితీ కూడా నడుస్తోంది. నిబంధనల ప్రకారం భార్యకూ, పిల్లలకూ ఉన్న హక్కును ఇంటి పెద్దల దయగా మార్చేశారు.

పెన్షన్ సంగతి చూడండి. మన రాష్ట్ర ప్రభుత్వపు 1980 నాటి పెన్షన్ నిబంధనలు కుటుంబ పెన్షన్‌ని ఆమె మరణించేదాకా లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా అని రాశాయి. కాగితం మీద భర్తకీ అదే వర్తిస్తుంది. కానీ ఏ ఊళ్ళో మగవాడు పెన్షన్ పోతుందని రెండో పెళ్ళి మానుకున్నాడు? కేంద్రం 2006 నుంచి పిల్లల్లేని స్త్రీకి, ఆమె ఆదాయం నిర్ణీత పరిమితి దాటకపోతే, పెళ్ళి తర్వాతా పెన్షన్ కొనసాగించింది. సైన్యంలోనైతే ఇంకో విచిత్రం: శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పతకం భత్యం ఆగకూడదంటే, ఆమె భర్త అన్ననో తమ్ముడినో చేసుకోవాలి. ఈ షరతును 2017లో గాని ఎత్తేయలేదు. వీరపత్ని అనే మాటలో ఎంత పితృస్వామ్యం ఉందో దీనికంటే స్పష్టంగా చెప్పక్కర్లేదు.

ప్రశ్నించిన స్త్రీలూ ఉన్నారు. 2008 నవంబరు 26న ముంబైలో చనిపోయిన పోలీసు అధికారి అశోక్ కామ్టే భార్య వినీతా కామ్టే, సమాచార హక్కు చట్టం కింద కంట్రోల్ రూము రికార్డులు సంపాదించి, ఆ రాత్రి ఏం జరిగిందో పుస్తకంగా రాశారు. ఆమెకి చదువుంది, పలుకుబడి ఉంది. అదే చట్టం కానిస్టేబుల్ భార్యకీ ఉంది. దరఖాస్తు రాసిపెట్టే మనిషి మాత్రం లేదు. ఆ పని మనం చేయగలం.

ఇక్కడ బయట జాతీయ రహదారి మీద రాత్రిళ్ళు లారీలు ఆపే హోంగార్డుని చూడండి. రోజు భత్యం మీద బతికేవాడు. కానిస్టేబుల్‌కి వర్తించే పెన్షన్ అతని భార్యకి లేదు. లారీ గుద్దితే ఇద్దరూ చచ్చిపోతారు.

ఇక కష్టమైన మాట. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023లో కోర్టు ముద్దాయిలను విడుదల చేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని అన్నది. ఆ మరుసటి ఏడాదే, 2008 జూన్ 29న, బలిమెల జలాశయంలో లాంచీ మీద మావోయిస్టుల దాడిలో అదే గ్రేహౌండ్స్ దళం వాళ్ళు పదుల సంఖ్యలో చనిపోయారు. వాకపల్లి స్త్రీలతో నిలబడ్డవాళ్ళం బలిమెల మృతుల భార్యల దగ్గరికి వెళ్ళామా? వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. వెళితే వాకపల్లికి ద్రోహం చేసినట్టవుతుందని భయపడ్డాం. ఆ భయం తప్పని ఇప్పుడనుకుంటున్నాను. భర్త తుపాకీకి భార్యని జవాబుదారీ చేయడం మనం నమ్మే రాజకీయం కాదు.

వచ్చే అక్టోబరు 21న ఏలూరు పరేడ్‌కి వెళ్దామా వద్దా అని అడిగారు. నేను వెళ్తాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళతో మాట్లాడి, పెన్షన్ కాగితాలు ఎక్కడ ఆగాయో రాసుకుంటాను. ఆ మర్నాడు, స్టేషన్లో తీసుకోని మన ఫిర్యాదుల సంగతి అడగడానికి ఎప్పటిలాగే వెళ్తాను. మీలో ఎవరెవరు వస్తారో భోజనాల ముందు పేర్లు ఇవ్వండి.